గురి ఎక్కడుంది? .22 బెంచ్‌రెస్ట్ రైఫిల్ మీద నూరేళ్ల వాదం

రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచుల మధ్య పడుకోబెట్టి, ఒంటి వణుకు సోకకుండా మీట నొక్కినా సరే, వరసగా పేల్చిన రెండు బుల్లెట్లు ఒకే చోట తగలవు. మనిషి తప్పేమీ లేనప్పుడు ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? ఉక్కులో ఉందా, సీసంలో ఉందా, మందులో ఉందా, గాలిలో ఉందా? బెంచ్‌రెస్ట్ అనే క్రీడ ఈ ప్రశ్న చుట్టూనే పెరిగింది. చేతి నిలకడ లెక్కలోకి రాకుండా చేసి తుపాకీ సత్తాను తేల్చే పోటీ ఇది. ఆడేవాళ్లలో సగం మంది షూటర్ల కంటే లేత్ మిషన్ దగ్గర నిలబడే పనివాళ్లలా మాట్లాడతారంటే ఆశ్చర్యం లేదు.

ఇక్కడ నేను ముఖ్యంగా తీసుకున్నది .22 లాంగ్ రైఫిల్ తూటాతో కాల్చే టార్గెట్ రైఫిల్‌ని. 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన తూటా అది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలు నేటికీ దానితోనే జరుగుతాయి. పెద్ద తూటాలు వాడే బెంచ్‌రెస్ట్ షూటర్ తన తూటాను తానే తయారు చేసుకుంటాడు. మందు ఎంత పోయాలో, బుల్లెట్‌ను ఎంత లోతున కూర్చోబెట్టాలో ఆయన ఇష్టం. .22లో ఆ వీలు లేదు. నిప్పంటించే రసాయనం ఇత్తడి గొట్టం అడుగు అంచు మడతలోనే పూసి ఉంటుంది. ఒకసారి పేలాక ఆ గొట్టం మళ్లీ పనికిరాదు. ఫ్యాక్టరీ ఏది ఇస్తే అదే గతి. తూటాను తుపాకీకి సరిపెట్టే అవకాశం పోయి, తుపాకీనే తూటాకు సరిపెట్టాల్సి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. .22 గురిలో పెద్ద వాటా బ్యారెల్‌ది, తూటాల లాట్‌ది. లాట్ అంటే ఒకే విడతలో తయారైన తూటాలు. బిగింపు, ట్రిగ్గర్, తూటాను కొట్టి పేల్చే పిన్ను వంటివి బ్యారెల్, లాట్ ఈ రెండింటి మేలు చెడిపోకుండా కాపాడతాయి. బ్యారెల్ మూతికి బరువు తగిలించి చేసే ట్యూనింగ్‌కు గట్టి భౌతికశాస్త్ర ఆధారం ఉంది. కానీ దాని పేరు మీద రేంజ్‌లో వినిపించే మాటల్లో చాలా వాటికి తగినన్ని కొలతలు లేవు.

పాత వాళ్ల దగ్గర మొదలుపెడదాం. 1901 మే నెలలో కొలరాడోలో చార్లెస్ రోలాండ్ అనే షూటర్, హారీ పోప్ చేసిన బ్యారెల్‌తో 200 గజాల దూరాన పది గుళ్లు పేల్చి, వాటన్నిటినీ ముప్పావు అంగుళం లోపు కుదించాడు. వాడింది సీసపు బుల్లెట్లే; ఈనాటి టెలిస్కోపులు లేవు, ఈనాటి ఉక్కూ లేదు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ కాగితం చూసి నేటి పనివాళ్లు గౌరవంగా తలవంచుతారు. బుల్లెట్‌ను తిప్పేందుకు బ్యారెల్ లోపల ఉండే ఒక్కో గాడినీ పోప్ చిన్న కత్తితో పొరలు పొరలుగా కోసేవాడు. బ్యారెల్ లోపలి కొలత మూతి వైపు వెళ్లేకొద్దీ వెంట్రుకవాసి బిగుతయ్యేలా చూసేవాడు. మంచి .22 బ్యారెల్‌లో ఇవాళ్టికీ అందరూ వెతికేది ఆ బిగుతునే.

పోప్ చేతిపనికి కారణాలు వెతికినవాడు మసాచుసెట్స్‌లోని మిల్ఫర్డ్ వాసి, డాక్టర్ ఫ్రాంక్లిన్ మాన్. వైద్యం చదివిన ఆయన కోళ్ల మేత కోసం ఎముకలు తరిగే యంత్రాలు అమ్మి సంపాదించి, ఆ డబ్బును తన ప్రయోగాలకు పెట్టాడు. కాంక్రీటు దిమ్మె మీద వి ఆకారపు ఇనుప గాడిలో బ్యారెల్‌ను పడుకోబెట్టి, దారి పొడవునా పలచని కాగితపు తెరలు కట్టి, బుల్లెట్ ఏ తెరను ఎక్కడ చీల్చిందో కొలిచాడు. 1909లో అచ్చయిన ఆయన పుస్తకం 'ది బుల్లెట్స్ ఫ్లైట్ ఫ్రమ్ పౌడర్ టు టార్గెట్' సారం ఇది: బ్యారెల్‌ను ఎంత గట్టిగా కదలకుండా ఉంచినా బుల్లెట్లు చెదిరాయి. దోషం ఎక్కువగా బుల్లెట్‌లోనే ఉంది. అడుగు భాగం ఒక పక్క నలిగినా, బరువు ఒక పక్కకు ఒరిగినా, మూతి దాటిన క్షణమే అది దారి తప్పుతుంది. తుపాకీనే తప్పుపట్టే రోజుల్లో ఈ మాట చెప్పడానికి దశాబ్దాల కొలతలు కావలసి వచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెంచ్‌రెస్ట్‌కు సంఘాలు వచ్చాయి. 1950లో రెమింగ్టన్ ఇంజనీరు మైక్ వాకర్ రూపొందించిన .222 తూటా పాతికేళ్లు రాజ్యమేలింది. 1975 ప్రాంతంలో వైద్యుడు లూయిస్ పాల్మిసానో, పనిముట్ల తయారీలో ఆరితేరిన ఫెరిస్ పిండెల్ కలిసి పొట్టిగా, లావుగా ఉండే 6 పీపీసీ తూటాను తెచ్చారు. ఆ తర్వాత దగ్గరి దూరాల పోటీల్లో దానికి ఎదురు లేకుండా పోయింది. 1973లో మాక్ మెక్‌మిలన్ 100 గజాల్లో అయిదు గుళ్లను 0.009 అంగుళం గ్రూపులో పెట్టిన రికార్డును దాటడానికి లోకానికి 40 ఏళ్లు పట్టింది. 2013లో మైక్ స్టినెట్ దాన్ని 0.0077కు దించాడు. గ్రూపు అంటే ఒకదానికొకటి అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల నడిమధ్యల మధ్య కొలత. ఈ అంకెలు చూసి .22 షూటర్ దిగులుపడనక్కర్లేదు. అవి చేత్తో నింపిన తూటాల రికార్డులు. ఆయన ఆట వేరు.

.22 బెంచ్‌రెస్ట్‌లో గ్రూపు కంటే స్కోరే ముఖ్యం. అంతర్జాతీయ పోటీ కార్డు మీద 25 గుర్తులుంటాయి, గుర్తుకు ఒకే గుండు, మొత్తం 250 పాయింట్లు. రైఫిల్ బరువును బట్టి తరగతులు: తేలిక రకానికి 4.76 కిలోల లోపు, బరువు రకానికి 6.80 కిలోల లోపు. ఒక్క గుండు తప్పినా దాచుకోవడానికి వీలుండదు. సగటున బాగా కాల్చి అప్పుడప్పుడు ఒకటి విసిరేసే రైఫిల్ ఇక్కడ నెగ్గదు.

బ్యారెల్ తయారీలో ఇప్పుడు ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. పోప్ మాదిరిగా గాడి కోయడం ఒకటి. గట్టి కార్బైడ్ గుండీని లోపలి నుంచి లాగి గాడులు అచ్చొత్తడం రెండోది. లోపల అచ్చు కడ్డీ పెట్టి బయటి నుంచి సుత్తులతో కొట్టి బిగించడం మూడోది. .22 బెంచ్‌రెస్ట్‌లో గుండీతో చేసినవే ఎక్కువగా కనిపిస్తాయి. టెక్సస్‌లోని షిలెన్, మోంటానాలోని లిల్యా ఆ పనికి పేరుపడ్డాయి. పద్ధతుల మధ్య పోటీలో ఏది గెలిచిందో తేల్చాలని నాకు లేదు, ఎందుకంటే మూడు రకాల బ్యారెళ్లూ పోటీలు గెలిచాయి. తేడా ఎక్కడొస్తుందంటే, గొట్టం చేతికి వచ్చిన తర్వాత పనివాడు చేసే ఎంపికలో.

ఆ ఎంపికను కాస్త దగ్గరగా చూడండి. గుండీ లాగిన ఉక్కులో ఒత్తిడి మిగిలి ఉంటుంది. బయటి వైపు లేత్‌పై తరిగితే ఆ ఒత్తిడి సడలి లోపలి కొలత అక్కడ కొద్దిగా వదులవుతుంది. అందుకే మంచి పనివాడు మెత్తని సీసపు ముక్కకు నూనె రాసి, కడ్డీతో బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నెడతాడు. చేతికి బిగువు తెలుస్తుంది. ఒకచోట సాఫీగా పోతుంది, ఒకచోట పట్టేస్తుంది, ఒకచోట చటుక్కున జారిపోతుంది. పట్టేసిన చోట బయట చాక్‌పీసుతో గీత పెడతాడు. మూతి సరిగ్గా ఆ బిగువు దగ్గర ముగిసేలా బ్యారెల్‌ను కోస్తాడు. వదులు చోటు మూతి దగ్గరకు వస్తే ఎంత ఖరీదైన బ్యారెలైనా పక్కన పడేస్తాడు. మైక్రాన్ల తేడాను వేళ్లతో పట్టే ఈ పరీక్షకు సాటి వచ్చే యంత్రం మామూలు వర్క్‌షాపుల్లో ఉండదు.

పొడవు విషయంలో ఒక అపోహ తీసెయ్యాలి. .22 తూటాలో మందు కొద్దిగానే ఉంటుంది. పద్దెనిమిది అంగుళాలు దాటేలోపే దాని పని దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత బ్యారెల్ బుల్లెట్‌ను రాపిడితో నిదానింపజేస్తుందే కానీ వేగం ఇవ్వదు. పొడవు పెరిగితే మారేది బ్యారెల్ ఊగే తీరు. దాని సంగతి ట్యూనర్ దగ్గర చూద్దాం.

తూటా కూర్చునే చాంబర్ కొలతలు, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ ముందు వదిలే ఖాళీ, పిన్ను దెబ్బ గురించి ఎంతైనా రాయొచ్చు. ముఖ్యమైనది పిన్ను దెబ్బ. తూటా అంచు మందం సుమారు 1.1 మి.మీ. పిన్ను ఆ అంచును చాంబర్ గట్టుకు నొక్కి నలిపితేనే నిప్పు పుడుతుంది. దెబ్బ బలం గుండు గుండుకీ మారితే నిప్పు అంటుకునే తీరు మారుతుంది, వేగం మారుతుంది, కాగితం మీద గుళ్లు నిలువుగా చెదురుతాయి. పాత స్ప్రింగు, గ్రీజు గడ్డకట్టిన బోల్ట్ వల్ల పోయిన పాయింట్లకు షూటర్లు ఏళ్ల తరబడి గాలిని నిందిస్తుంటారు. స్టాక్‌లో యంత్రభాగాన్ని ఎపాక్సీతో ఒత్తిడి లేకుండా కూర్చోబెట్టడం, స్క్రూలను ప్రతిసారీ ఒకే బిగువుతో బిగించడం కూడా ఇలాంటి కాపుదల పనులే. ట్రిగ్గర్ అరవై గ్రాముల లోపు బరువుకే తెగడం బల్ల మీద కాల్చేవాళ్లకు మామూలు. జర్మనీలోని ఉల్మ్ నగరంలో ఆన్‌షుట్జ్ చేసే 54 యాక్షన్, అంటే తూటాను పేల్చే యంత్రభాగం, ఇన్ని దశాబ్దాలు నిలిచిందంటే ఈ పనులన్నీ దానిలో మొదటే చాలావరకు సరిగ్గా ఉండటం వల్లే.

ఇక తూటా. పోటీ స్థాయి .22 బుల్లెట్ బరువు 2.6 గ్రాములు, మూతి దగ్గర వేగం సెకనుకు 320–330 మీటర్లు. ధ్వని వేగానికి కొంచెం తక్కువగా ఉంచడం కావాలని చేసిందే. ధ్వని వేగాన్ని దాటి దారిలో మళ్లీ దాని కిందకు దిగే బుల్లెట్ ఆ సంధికాలంలో తడబడుతుంది. ఇంగ్లండ్‌లో ఎలీ టెనెక్స్, జర్మనీలోని షోనెబెక్‌లో చేసే లాపువా తూటాలు ఈ రంగంలో పెద్ద పేర్లు. అయితే డబ్బా మీది పేరు కంటే డబ్బా మీది లాట్ నంబరే ముఖ్యం. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే పేరుతో, వేరు వేరు రోజుల్లో వచ్చిన రెండు లాట్లు ఒకే రైఫిల్‌లో రెండు రకాలుగా కాలుతాయి. ఒక రైఫిల్‌కు ప్రాణమైన లాట్ పక్కవాడి రైఫిల్‌లో పొసగదు. దీనికి ముందే చెప్పగల సూత్రం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. కాల్చి చూడటమే దారి.

అందుకే ఈ కంపెనీలు పరీక్షా సొరంగాలు నడుపుతున్నాయి. షూటర్ తన రైఫిల్ తీసుకెళ్తాడు. స్టాక్ విప్పి యంత్రాన్ని బరువైన బిగింపులో కూర్చోబెడతారు. గాలి లేని చోట, 50 మీటర్ల దూరాన, లాట్ తర్వాత లాట్ పది పది గుళ్లు పేల్చి ఎలక్ట్రానిక్ తెర మీద కొలుస్తారు. మధ్యలో జాగ్రత్త ఒకటుంది. ఒక రకం తూటాకు పూసిన మైనం బ్యారెల్‌లో ఉండగా వేరే రకం కాలిస్తే మొదటి కొన్ని గుళ్లు లెక్కలోకి రావు. కొత్త మైనం సర్దుకునే దాకా ఆగాలి. చివరకు రెండు మూడు లాట్లు మిగులుతాయి, వాటిని మరోసారి ఎక్కువ గుళ్లతో సరిచూసి, ఏడాదికి సరిపడా కొనేస్తారు. అదే డబ్బుకు మరో స్టాకో, ఇంకో టెలిస్కోపో కొనడం కంటే ఈ ఖర్చే మేలని నా నమ్మకం.

ఎంత మంచి లాట్‌లోనైనా వేగాల తేడా పూర్తిగా పోదు. అది కాగితం మీద ఎంత అవుతుందో లెక్క వేద్దాం. 50 మీటర్లు దాటడానికి .22 బుల్లెట్‌కు సెకనులో 0.16 వంతు పడుతుంది. ఆ కొద్ది కాలంలో అది భూమ్యాకర్షణకు దాదాపు 125 మి.మీ. కిందకు దిగుతుంది. వేగం ఒక శాతం, అంటే సెకనుకు మూడు మీటర్ల పైచిలుకు తగ్గితే దిగుడు రెండు శాతం పెరుగుతుంది, అంటే 2.5 మి.మీ. అతి వేగంగా పోయిన గుండుకూ అతి నిదానంగా పోయిన గుండుకూ సెకనుకు తొమ్మిది మీటర్ల తేడా ఉంటే నిలువునా 7 మి.మీ. చెదురుతాయి. ఒలింపిక్ 50 మీటర్ల టార్గెట్‌లో పదో రింగు అడ్డకొలత 10.4 మి.మీ. మాత్రమే. బ్యారెల్‌లో, చేతిలో ఏ దోషమూ లేకపోయినా తూటా ఒక్కటే అంత చోటు తినేస్తుంది.

ట్యూనర్ అవసరం ఇక్కడే పుట్టింది. తూటా పేలగానే బ్యారెల్ ఊగుతుంది. బుల్లెట్ బయటపడే క్షణంలో మూతి పైకి లేస్తూ ఉంటే, ఆలస్యంగా వచ్చే నిదానపు బుల్లెట్ కాస్త ఎక్కువ ఎత్తుకు గురిపెట్టి వెళ్తుంది. వేగంగా వచ్చింది ముందే, కాస్త తక్కువ ఎత్తులో వెళ్తుంది. దిగుడులోని తేడాను ఎత్తులోని తేడా సరిచేస్తుంది. ఇది కొత్త ఊహ కాదు. బ్యారెల్ ప్రకంపనాల మీద మాలక్ అనే శాస్త్రవేత్త 1901లోనే లండన్ రాయల్ సొసైటీలో పత్రం చదివాడు. బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు దగ్గరలో కంటే దూరంలో మెరుగ్గా కాలడం ఈ లక్షణం వల్లేనని షూటర్లు ఏనాడో గుర్తించారు. కావలసిన సవరణ కూడా చాలా చిన్నది. మీటరుకు 0.05 మి.మీ. వంపు చాలు ఒక శాతం వేగం తేడాను మింగెయ్యడానికి. మూతి దగ్గర మైక్రోమీటర్ మాదిరి గుర్తులున్న బరువును ముందుకూ వెనక్కూ జరిపి, ఆ ఊపు బుల్లెట్ రాకకు కలిసేలా చూడటమే ట్యూనింగ్. అమెరికాలో బిల్ కాల్ఫీ వంటి .22 నిపుణుల రాతలు దీనికి ప్రచారం తెచ్చాయి. స్కాట్లండ్‌లో బ్యారెళ్లు చేసిన జెఫ్రీ కోల్బ్ లెక్కలూ కొలతలూ ముందు పెట్టాడు.

ఈ సూత్రంలోనే ఒక పరిమితి దాగి ఉంది. దూరం రెట్టింపైతే కావలసిన సవరణ కూడా సుమారు రెట్టింపవుతుంది. 50 మీటర్లకు కుదిరిన అమరిక 100 మీటర్లకు కుదరదు. ఏ దూరానికైనా ఒకే అమరిక చాలంటూ అమ్మేవాడు .22 సంగతి మాట్లాడటం లేదు.

మరి ట్యూనర్ పనిచేస్తుందా లేదా అన్న గొడవ ఇంకా ఎందుకు తెగలేదు? నా దృష్టిలో తప్పు గ్రూపుల లెక్కది. గణితం ప్రకారం ఒకే రైఫిల్, ఒకే తూటా, ఏ మార్పూ లేకుండా అయిదేసి గుళ్ల గ్రూపులు పేలిస్తే, వాటి కొలతలు సగటు చుట్టూ నాలుగో వంతుకు పైగా ఊగిసలాడుతాయి. సగటు 10 మి.మీ. ఇచ్చే రైఫిల్ ఇప్పుడు 7 ఇచ్చి, కాసేపటికి 13 ఇవ్వడం వింత కాదు. ట్యూనర్‌ను ఇరవై చోట్ల తిప్పి ఒక్కో చోట ఒక్కో గ్రూపు కాల్చినవాడికి, ట్యూనర్ బొత్తిగా పనిచేయకపోయినా, ఆరు మిల్లీమీటర్ల గ్రూపు ఒకటి దొరుకుతుంది. ఆ అంకె దగ్గర గీత పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతాడు. మర్నాడు అదే గీత దగ్గర 12 వస్తే వాతావరణం మారిందంటాడు. పైగా అయిదు గుళ్ల గ్రూపునూ పది గుళ్ల గ్రూపునూ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లున్నారు. గుళ్లు పెరిగితే గ్రూపు సహజంగానే పెరుగుతుంది, పది గుళ్లకు సుమారు నాలుగో వంతు ఎక్కువ.

పెద్ద తూటాల రైఫిళ్ల మీద బాలిస్టిక్స్ నిపుణుడు బ్రయాన్ లిట్జ్ బృందం ఎక్కువ గుళ్లు పేల్చి చేసిన పరీక్షల్లో ట్యూనర్ ప్రభావానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. ఆ ఫలితాన్ని నేను గౌరవిస్తాను. కానీ దాన్ని యథాతథంగా .22కు అంటగట్టడం సరికాదు. చేత్తో నింపిన తూటా వేగంలో నిలకడ ఎక్కువ, 100 గజాల్లో దాని దిగుడూ తక్కువ. ట్యూనర్ సరిచేయడానికి అక్కడ జబ్బే పెద్దగా లేదు. .22లో జబ్బు ఉంది, ఎంతో లెక్క కూడా తెలుసు.

గాలి గురించి ఒక్క మాట. సెకనుకు ఒక మీటరు వేగంతో అడ్డంగా వీచే గాలి, చెంపకు తగిలీ తగలనంత మెల్లటిది, .22 బుల్లెట్‌ను 50 మీటర్లలో అయిదారు మిల్లీమీటర్లు పక్కకు నెడుతుంది. రైఫిల్ మీద చేసిన ఏ పనీ దీన్ని తగ్గించదు. అందుకే 1970ల చివర, 80ల మొదట్లో హ్యూస్టన్‌లో కొందరు షూటర్లు 325 గజాల పొడవైన గోదాములో రాత్రిళ్లు కాల్చి, గాలి లేకుండా తుపాకీ అసలు సత్తా ఏమిటో చూశారు. ఆరుబయట పరీక్షించేవాడు గాలి జెండాలు లేకుండా కాల్చితే తుపాకీ తప్పునూ గాలి తప్పునూ కలగాపులగం చేసుకుంటాడు. అడ్డంగా చెదిరింది గాలి ఖాతా, నిలువుగా చెదిరింది వేగం ఖాతా అన్న మోటు విభజన కూడా చాలాసార్లు దారి చూపిస్తుంది.

మన దగ్గర బెంచ్‌రెస్ట్ క్రీడగా పెద్దగా వేళ్లూనలేదు. కానీ .22 రైఫిల్‌కు ఇక్కడ సొంత చరిత్ర ఉంది. 2012 లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ పడుకుని కాల్చే 50 మీటర్ల ప్రోన్‌లోనూ అంతర్జాతీయ స్థాయి షూటర్. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం .22తో వచ్చిందే. 2007 ప్రపంచ మిలిటరీ క్రీడల కోసం హైదరాబాద్ శివార్లలో కట్టిన షూటింగ్ రేంజ్‌లో మన పిల్లలు ఈ తుపాకీతోనే పెరుగుతున్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీ, మరమ్మతు, మార్పు, పరీక్ష లైసెన్సు ఉన్నవాళ్లే చెయ్యాలి. బ్యారెల్ కోతను ఇంటి గ్యారేజీలో పెట్టుకోవడం ఇక్కడ కుదరదు, కుదరకూడదు. తూటా దిగుమతి సరుకు కావడంతో, దొరికిన లాట్‌నే కాల్చాల్సిన పరిస్థితి చాలామంది యువ షూటర్లది.

అయినా ట్యూనర్ వాదంలో మిగిలిన ఖాళీని పూరించే పని ఇక్కడ చెయ్యవచ్చు. పరీక్ష తీరు మార్చాలి. గ్రూపు కొలవడం మానేసి, ప్రతి గుండుకూ వేగాన్నీ, అది కాగితం మీద తగిలిన ఎత్తునూ జంటగా రాసుకోవాలి. వేగమాపకం రైఫిల్ పక్కనే ఉంటుంది. ఎత్తును ఎలక్ట్రానిక్ టార్గెట్ పదో వంతు మిల్లీమీటరు దాకా చెబుతుంది. ఢిల్లీలోని కర్ణి సింగ్ రేంజ్ వంటి చోట్ల అవి రోజూ వాడుకలో ఉన్నవే. ఆ జంటలను గ్రాఫు మీద పెడితే, సవరణ లేని రైఫిల్‌లో వేగం పెరిగేకొద్దీ చుక్కలు పైకి ఎగబాకుతాయి. ట్యూనర్ సరిగ్గా కుదిరితే చుక్కలు అడ్డంగా చదునవుతాయి. అతిగా సరిచేస్తే నిదానపు గుళ్లే పైన తగులుతాయి. తగినన్ని గుళ్లు పేలిస్తే ఆ వాలు ఎటు ఉందో కంటికి కనిపిస్తుంది, అదృష్టవశాత్తు కుదిరిన చిన్న గ్రూపు మనల్ని మోసం చెయ్యలేదు. రైఫిల్ వారీగా, లాట్ వారీగా అలాంటి గ్రాఫులు పోగుచేసి అందరి ముందూ పెట్టే కోచ్ ఒక్కరు పూనుకుంటే, ట్యూనర్ కొనాలా వద్దా అని అడిగే తల్లిదండ్రులకు చేతిలో కాగితం పెట్టి చూపించవచ్చు.